ఫొటో తిప్పి పంపే మర్యాద

మన ఇళ్లలో కంప్యూటర్ ఏనాడూ ఒక్కరి సొత్తు కాదు. కొన్నది ఎవరైనా అది ఇంటిల్లిపాదిదీ అవుతుంది, ఆ తర్వాత వీధి మొత్తానిదీ అవుతుంది. పిన్ని కూతురి ఈఏపీసెట్ అప్లికేషన్ అందులోనే నింపుతారు. మేడ మీద అద్దెకున్నవాళ్ల ఆధార్ కార్డులు అందులోనే స్కాన్ చేస్తారు. పక్కింటి తాతగారి పింఛను కాగితాలు, ఊళ్లో బాబాయి పొలం పహాణీ, ఎదురింటి కోడలి స్కానింగ్ రిపోర్టు, మేనకోడలి పెళ్లి బయోడేటా, అన్నీ “ఒక్క ప్రింటు తీసి పెట్టవా” అన్న చిన్న మాటతో లోపలికి వస్తాయి. ప్రింటు తీసుకుని మనిషి వెళ్లిపోతాడు. ఫైలు మన దగ్గరే ఉండిపోతుంది.

అలా ఉండిపోయినవాటిని ఏం చేయాలన్నదే నా ఆలోచన. ఫైళ్లను శాశ్వతంగా తీసేయడం అనగానే మనకు మన రహస్యాలే గుర్తుకొస్తాయి. “నాకేం దాపరికం ఉంది, ఎవరు చూస్తే ఏం” అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట తమ వరకూ నిజమే కావచ్చు. కానీ ఆ డిస్కులో ఉన్నవి తమ కాగితాలు మాత్రమే కావు. మనల్ని నమ్మి ఇచ్చినవాళ్ల కాగితాలకు మనం కాపలాదారులం. పని అయిపోయాక వాటిని ఆనవాలు లేకుండా తీసేయడం ఆ కాపలాలో చివరి పని. ఆ చివరి పనిని మన ఇళ్లలో దాదాపు ఎవరూ చేయడం లేదు. చేశామని అనుకుంటున్నవాళ్లు కూడా చేయడం లేదు.

ఎందుకో తెలియాలంటే డిలీట్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో చూడాలి. మొదటి మజిలీ రీసైకిల్ బిన్. 1983లో వచ్చిన యాపిల్ వారి లీసా కంప్యూటర్ తెరమీదే చెత్తబుట్ట బొమ్మ ఉండేది. 1995లో విండోస్ 95తో రీసైకిల్ బిన్ వచ్చింది. మనిషి చెయ్యి మనసుకన్నా తొందరపడుతుందని తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు ఇది. బుట్టలో పడిన ఫైలుకు పేరు మారుతుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆ చిరునామా పక్కనే భద్రంగా రాసి ఉంటుంది. మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి తన చోటికి వెళ్లడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే.

అసలు సంగతి బుట్ట ఖాళీ చేశాక మొదలవుతుంది. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినా అంతే. విండోస్‌కు ముందు వాడిన డాస్ రోజుల్లో ఫైలును చెరిపితే కంప్యూటర్ చేసేది చాలా చిన్న పని: ఫైలు పేరులో తొలి అక్షరం తీసేసి అక్కడ ఒక ప్రత్యేక గుర్తు పెట్టేది, ఆ ఫైలు ఉన్న జాగా ఖాళీ అయిందని పట్టికలో రాసుకునేది. పేరులో మిగతా అక్షరాలు అలాగే ఉండేవి. లోపలి విషయం మొత్తం అలాగే ఉండేది. 1982లో పీటర్ నార్టన్ తెచ్చిన నార్టన్ యుటిలిటీస్‌కు పేరు వచ్చింది ఇలా పోయిన ఫైళ్లను వెనక్కి తేవడంతోనే. 1991లో వచ్చిన డాస్ అయిదో వెర్షన్‌లో అన్‌డిలీట్ అనే కమాండ్ ఉండేది. అది తొలి అక్షరం చోట ప్రశ్నార్థకం వేసి మిగతా పేరంతా తెరమీద చూపించి, ఆ ఒక్క అక్షరం ఏమిటో చెప్పమని అడిగేది. అక్షరం చెప్తే చాలాసార్లు ఫైలు మొత్తం తిరిగొచ్చేది.

పద్ధతులు మారాయిగానీ సూత్రం మారలేదు. నేటి విండోస్‌లో ప్రతి ఫైలుకూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఒక పద్దు ఉంటుంది. ఫైలును తీసేస్తే ఆ పద్దు మీద ‘వాడుకలో ఉంది’ అన్న గుర్తు మాత్రమే పోతుంది. అడంగల్‌లో రైతు పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పైరు మాయమవదు కదా, ఇదీ అంతే. కొత్తగా ఇంకొకరు వచ్చి దున్ని విత్తనం వేసేదాకా పాత పైరు అక్కడే నిలబడి ఉంటుంది. డిస్కులో ఖాళీ జాగా ఎక్కువగా ఉంటే ఆ కొత్తవారు రావడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. కొన్ని వందల బైట్లు మించని చిన్న ఫైలైతే దాని లోపలి విషయం కూడా ఆ పద్దులోనే ఇమిడిపోతుంది. బ్యాంకు పాస్‌వర్డులు రాసిపెట్టుకునే నోట్‌ప్యాడ్ ఫైళ్లు సరిగ్గా ఈ కొలతవే.

ఇలా ఎందుకు చేశారంటే వేగం కోసం. పెద్ద సినిమా ఫైలును ఒక డిస్కునుంచి ఇంకో డిస్కుకు కాపీ చేయడానికి నిమిషాలు పడుతుంది, తీసేయడానికి క్షణం చాలు. ఆ క్షణంలో యంత్రం సినిమాను చెరపలేదు, సినిమా ఉన్న సంగతిని మరిచిపోయింది. మనం ఆ మరుపునే చెరపడం అనుకుంటున్నాం.

ఈ తేడా కళ్లారా చూసిన రోజు ఒకటి నాకు బాగా గుర్తు. మా బంధువుల ఇంట్లో పసిబిడ్డ అన్నప్రాశన ఫొటోలున్న ఫోల్డర్ ఎలాగో చెరిగిపోయింది. ఆ బిడ్డ తల్లి కంప్యూటర్ పట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న షాపుకు వెళ్తుంటే తోడు వెళ్లాను. షాపు కుర్రాడు డిస్కు ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించి ఫొటోరెక్ అనే ప్రోగ్రామ్ నడిపాడు. అది పట్టికలను పట్టించుకోదు. డిస్కును మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోతుంది. ప్రతి జేపెగ్ ఫొటో మొదట్లో 255, 216, 255 అనే ఒకే రకమైన మూడు బైట్లు ఉంటాయి. ఆ గుర్తు కనబడ్డ చోటల్లా ఆగి, అక్కడినుంచి ఫొటోను తవ్వి తీస్తుంది. ఫైళ్లకు పాత పేర్లుండవు, వరసగా అంకెలే ఉంటాయి.

మొదట వెండి గిన్నె కనబడింది, తర్వాత పాయసం పూసుకున్న బుగ్గలు కనబడ్డాయి. తల్లి కళ్లు తుడుచుకుంది. కొన్ని ఫొటోలు పైన సగం బాగుండి కింది సగం బూడిదరంగులో ఉన్నాయి. ఆ సగం మీద ఇంకేదో వచ్చి చేరిందన్నమాట. ఆ తర్వాత మాకు తెలియని ముఖాలు మొదలయ్యాయి. ఎవరివో ఆధార్ కార్డులు, ముందూ వెనకా. ఏదో ల్యాబ్‌లో చేయించిన రక్తపరీక్షల కాగితం. ఒక స్టూడియోలో రంగుల తెర ముందు లంగా ఓణీలో నిలబడ్డ అమ్మాయి, అదే అమ్మాయి చీరలో, అదే అమ్మాయి నవ్వుతూ, నవ్వకుండా. పెళ్లిచూపులకు పంపడానికి తీయించిన ఫొటోలని చూడగానే తెలుస్తోంది. ఆ కంప్యూటర్‌ను వీళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. “ఇవి పాత ఓనర్‌వి అమ్మా. అమ్మేటప్పుడు ఫార్మాట్ కొట్టి ఇచ్చుంటారు, పోయాయనుకుని ఉంటారు” అన్నాడు కుర్రాడు. బిడ్డ తల్లి చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. “ఎవరి పిల్లో. ఇక చూడొద్దు బాబూ. మా ఫొటోలు తీసుకున్నాక దీన్ని మొత్తం చెరిపెయ్” అంది. పైపైన ఫార్మాట్ చేస్తే చాలదని, పూర్తి ఫార్మాట్ పెడితే చాలాసేపు పడుతుందని అతను చెప్పాడు. పడితే పడనీ అని ఆవిడ సాయంత్రం దాకా ఆ స్టూలు మీదే కూర్చుంది.

చెరిపినా చెరగని ఆ ఒకే గుణం తల్లికి బిడ్డ ఫొటోలు తిరిగి ఇచ్చింది, ముక్కూ ముఖం తెలియని ఆడపిల్ల ఫొటోలను పరాయివాళ్ల కళ్లముందు పెట్టింది. డిస్కుకు మంచీ చెడూ తెలియవు. ఆ తెలివిడి మనిషికే ఉండాలి. ఆ అమ్మాయి తండ్రో అన్నో డబ్బు దగ్గర ఎంత బేరమాడి ఆ కంప్యూటర్ అమ్మి ఉంటారో, పిల్ల ఫొటోల దగ్గర మాత్రం ఒక్క పూట వెచ్చించలేదు. తెలియకే. ఆమె మాత్రం తన ఫొటోలు ఎక్కడెక్కడికి వెళ్లాయో ఎప్పటికీ తెలుసుకోలేదు.

ఇది మన దగ్గరే జరిగే సంగతి కాదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000–2002 మధ్య సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 158 పాత హార్డ్ డిస్కులు కొని పరీక్షించారు. వాటిలో 129 పనిచేశాయి. సరిగ్గా చెరిపినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యపరీక్షల వివరాలు, సొంత ఉత్తరాలు దొరికాయి. ఒక డిస్కు ఏటీఎం యంత్రంలోంచి వచ్చింది, అందులో లావాదేవీల చిట్టా అలాగే ఉంది. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ డిస్కులు అమ్మినవాళ్లలో సంస్థలున్నాయి, వాళ్లకు కంప్యూటర్ నిపుణులున్నారు. అయినా అంత జరిగిందంటే, మన ఇంట్లో దసరా ఆఫర్‌లో పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునేటప్పుడు ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

మన సమాజానికి ఈ విషయంలో మర్యాద తెలియక కాదు. మా చిన్నతనంలో పెళ్లి సంబంధం కుదరకపోతే పిల్ల ఫొటో తిప్పి పంపేవారు. అదొక నియమం. జాతకాలు కలవలేదని ఒక ముక్క రాసి, ఫొటో వంగిపోకుండా వెనక అట్టముక్క పెట్టి, కవరు మీద స్టాంపు అంటించి పోస్టులో వేసేవారు. మధ్యవర్తి చేతికిస్తే, “ఫొటో అందిందా” అని మళ్లీ కబురు పంపి కనుక్కునేవారు. తిప్పి పంపని ఇంటిని గురించి నాలుగిళ్లలో చెప్పుకునేవారు. ఎందుకంటే ఆ ఫొటో ఒక ఇంటివాళ్లు నమ్మకం మీద పంపింది. సంబంధం లేదనుకున్నాక ఆ పిల్ల ముఖం చూసే హక్కు కూడా మనకు లేదని ఆ కాలపు పెద్దలకు తెలుసు. వాళ్లకు ప్రైవసీ అన్న మాట తెలియదు. ఆ పని మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

ఇవాళ బయోడేటా పీడీఎఫ్ అయింది. పేరు, పుట్టిన తేదీ, సమయం, నక్షత్రం, గోత్రం, ఎత్తు, చదువు, జీతం, తండ్రి ఉద్యోగం, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు. ఒక మనిషి పేరుతో ఇంకొకరు మోసం చేయడానికి ఏమేం కావాలో అవన్నీ ఆ రెండు పేజీల్లో ఉన్నాయి. అది వాట్సాప్‌లో వస్తుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దిగుతుంది, నాన్నగారికి పెద్ద తెరమీద చూపించడానికి డెస్క్‌టాప్ మీదికి ఎక్కుతుంది, ‘సంబంధాలు’ అని ఒక ఫోల్డర్‌లో చేరుతుంది. మన పిల్లవాడి పెళ్లయిపోతుంది. ఆ ఫోల్డర్‌లో ఉన్న అమ్మాయిల పెళ్లిళ్లూ అయిపోతాయి, వాళ్లకు పిల్లలు పుడతారు. వాళ్ల పాత ముఖాలు, పాత చిరునామాలు, నక్షత్రాలు మన ఇంట్లో అలాగే పడి ఉంటాయి.

కాగితపు ఫొటోను తిప్పి పంపితే అది మన దగ్గర ఉండదు. ఫైలును తిప్పి పంపడమంటూ లేదు, పంపితే రెండవుతుంది. కాబట్టి నేటి కాలంలో ఫొటో తిప్పి పంపడానికి ఒకే రూపం మిగిలింది: మన దగ్గరున్న కాపీని మళ్లీ తవ్వినా దొరకనట్టు చెరపడం. నా మటుకు నాకు ఇది టెక్నాలజీకి సంబంధించిన చిట్కా కాదు, మన పెద్దలు పాటించిన మర్యాదకు కొనసాగింపు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. తన వివరాలు చెరిపేయమని సంస్థలను అడిగే హక్కు ఆ చట్టం మనిషికి ఇచ్చింది. అయితే ఒక వ్యక్తి తన సొంత పనికో ఇంటి పనికో వాడుకునే వివరాలకు ఆ చట్టం వర్తించదని అందులోనే స్పష్టంగా ఉంది. అది సబబే. ప్రతి ఇంటి ఆల్బమ్ మీదా అధికారి పెత్తనం ఉండాలని ఎవరూ కోరుకోరు. కానీ దాని అర్థం ఏమిటంటే, ఇంటి గడప లోపల ఇతరుల కాగితాల బాధ్యత పూర్తిగా మన మనస్సాక్షి మీద ఉంది. అడిగేవాళ్లు లేరు కాబట్టే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

మరుపు ఇంత కష్టమైన పని కావడం మన చరిత్రలో ఇదే మొదటిసారి. తెలుగువాళ్ల గోడు ఎప్పుడూ పోయినవాటి గురించే. తాటాకులకు చెద పట్టింది, పురుగు తిన్నది, ఇల్లు కాలిపోతే గ్రంథం కాలిపోయింది. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమైతే గంగన, సింగన, నారయ పూరించారని చెప్పుకుంటాం. సీపీ బ్రౌన్ సొంత డబ్బు పోసి, పండితులను నియమించి, పాత ప్రతులకు శుద్ధప్రతులు రాయించకపోతే ఎన్ని కావ్యాలు మనకు దక్కేవి కావో. ఆ రోజుల్లో ఉంచాలంటే శ్రమ పడాలి, ఊరకుంటే పోతుంది. ఇవాళ ఊరకుంటే ఉండిపోతుంది, పోగొట్టాలంటే శ్రమ పడాలి. ఇన్ని తరాల పాటు ఉంచడమే నేర్చుకున్న మనకు చెరపడం అలవాటు లేని విద్య. అది నేర్చుకోవలసిన కాలం వచ్చింది.

ఆ విద్య మరీ కష్టమైనదేమీ కాదు. తిరిగే పళ్లేలున్న పాత తరహా హార్డ్ డిస్కయితే పాత విషయం మీద కొత్తది రాయడమే మార్గం. 1996లో న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ గట్‌మన్ ముప్పై అయిదు సార్లు రాసే పద్ధతి ఒకటి ప్రకటించాడు. అన్నిసార్లు రాస్తేగాని పోదని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. అది అప్పటి రకరకాల డిస్కులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని చేసిన జాబితా అనీ, ఏ ఒక్క డిస్కుకూ అవన్నీ అక్కర్లేదనీ ఆయనే తర్వాత వివరణ ఇచ్చాడు. నేటి హార్డ్ డిస్కులో మొత్తం జాగా మీద ఒక్కసారి సున్నాలు రాస్తే మామూలుగా సరిపోతుందని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ ఈ పనే చేస్తుంది, క్విక్ ఫార్మాట్ చేయదు. ఒక్క ఫైలునే పోగొట్టాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌డిలీట్ ఉంది. ఇదివరకే డిలీట్ చేసినవాటి జాగాను తుడవడానికి విండోస్‌లోనే సైఫర్ అనే కమాండ్ ఉంది.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులో తిరిగే పళ్లెం లేదు, చిప్పులే ఉంటాయి. ఒకే గడి మీద పదేపదే రాస్తే అది అరిగిపోతుంది కాబట్టి, లోపలి కంట్రోలర్ ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది. మనం పాత ఫైలు మీద సున్నాలు రాశామనుకుంటాం, ఆ సున్నాలు వేరే గడుల్లోకి వెళ్తాయి. పాత విషయం కొంతకాలం తన చోటే ఉంటుంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు ఎస్‌ఎస్‌డీల చిప్పులు విప్పి చదివి చూస్తే, ఒక్కొక్క ఫైలునే చెరిపే పద్ధతుల్లో ఏదీ పూర్తిగా పనిచేయలేదు. ట్రిమ్ అనే ఆదేశం వల్ల పరిస్థితి చాలా మెరుగుపడింది. డిలీట్ చేసిన జాగాలు ఇవీ అని విండోస్ డిస్కుకు చెబుతుంది, డిస్కు తీరిక చూసుకుని వాటిని తుడిచేస్తుంది. కానీ ఎప్పుడు తుడుస్తుందో మన చేతిలో లేదు. పెన్ డ్రైవ్‌ల దగ్గర ఆ భరోసా కూడా తక్కువ.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: చెరిపే రోజు గురించి మొదటి రోజే ఆలోచించండి. కంప్యూటర్ కొన్న రోజునే బిట్‌లాకర్‌గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్‌గానీ ఆన్ చేసుకుంటే, డిస్కులో రాసే ప్రతి అక్షరం తాళం వేసే లోపలికి వెళ్తుంది. రేపు అమ్మేటప్పుడు ఆ తాళంచెవిని నాశనం చేస్తే చాలు, మిగిలింది ఎవరికీ అర్థం కాని అంకెల కుప్ప. ఆ తాళంచెవి కాపీ ఆన్‌లైన్ ఖాతాలో ఉంటే అక్కడ కూడా తీసేయాలి. అమ్మే ముందు విండోస్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’కి వెళ్లి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, దాని కింద ‘క్లీన్ డేటా’ అన్నదాన్ని ఆన్ చేయండి. ఆ చివరిది చాలామంది చూడకుండా వదిలేస్తారు. పని చేయడం మానేసిన డిస్కయితే పళ్లేలకు డ్రిల్లుతో చిల్లులు వేయించి, చిప్పులైతే ఒక్కొక్కటీ విరిచి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. పాత సామాన్ల బండికి వేయకండి.

కాపీల సంగతి మరవకూడదు. 2013 జులై 20న లండన్‌లో గార్డియన్ పత్రిక భవనం నేలమాళిగలో ఆ పత్రిక సిబ్బంది బ్రిటిష్ గూఢచారి సంస్థ నిపుణుల కళ్లముందు గ్రైండర్లతో, డ్రిల్లులతో కంప్యూటర్లను ముక్కలు చేశారు. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ ఇచ్చిన పత్రాలు వాటిలో ఉన్నాయి. అవే పత్రాలు ఇతర దేశాల్లో ఉన్నాయని సంపాదకులకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. యంత్రం పిండి అయింది, పత్రాలు ఎక్కడికీ పోలేదు. మన ఇళ్లలోనూ ఇదే తంతు. ఆధార్ స్కాన్ ఒకటి డెస్క్‌టాప్ మీద ఉంటుంది, ఒకటి మెయిల్‌లో పంపినవాటిలో ఉంటుంది, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి జెరాక్స్ షాపుకు పట్టుకెళ్లిన పెన్ డ్రైవ్‌లో ఉంటుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడ్డది మరో 30 రోజులు అక్కడే ఉంటుంది. జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో మీరే ఫైలు తెరిచి ఉంటే, లేచే ముందు అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా చూసి రావాలి.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నీ చెరపమని నేను అనను. చెరపడం మొదలుపెట్టే ముందు ఉంచుకోవలసినవేవో తేల్చుకోవాలి. నాయనమ్మ పాడిన మంగళహారతి రికార్డింగు, ఇప్పుడు లేని ఇంటి ఫొటోలు, తాతగారు రాయించిన వంశవృక్షం, ఇవి రెండు వేర్వేరు చోట్ల ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉంటే ఇంకా మంచిది. ఎవరైనా బెదిరిస్తూ పంపిన మెసేజ్‌లు, ఫొటోలు ఉంటే సిగ్గుతోనో భయంతోనో వాటిని చెరిపేయకండి. అవి సాక్ష్యం. ముందు ఫిర్యాదు చేయాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930. కోర్టులో ఉన్న పొలం తగాదా కాగితాలూ, పన్ను లెక్కలూ అంతే, వాటి పని పూర్తయ్యేదాకా ఉండాలి.

అన్నిటికన్నా కష్టం, పోయినవాళ్ల కంప్యూటర్. దాని ముందు కూర్చున్నప్పుడు ప్రతి ఫైలూ మనిషిలాగే కనబడుతుంది, చెయ్యి ఆడదు. అక్కడ నాకు తోచిన దారి ఇది. పోయినవాళ్లు ఎవరినుద్దేశించి ఏం రాశారో అది ఆ మనిషికి చేర్చాలి. వాళ్ల దగ్గర ఇతరులు దాచుకున్న కాగితాలు తెరిచి చదవకుండా చెరపాలి. సొంత రాతలేవైనా ఉంటే ఒక్కరే నిర్ణయం తీసుకోకూడదు, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ప్రేమ ఉన్నంత మాత్రాన ఎదుటిమనిషి దాచుకున్నదంతా చదివే హక్కు మనకు రాదు. బతికున్నప్పుడు తలుపు తట్టి లోపలికి వెళ్లిన గదిలోకి, వాళ్లు పోయాక తట్టకుండా వెళ్లడం తగదు.

మన కంప్యూటర్‌లో ఇతరుల కాగితాలు ఏరడం ఎక్కువ సమయం పట్టే పని కాదు. ఈ ఆదివారం మీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, స్కాన్స్ ఫోల్డర్లు తెరవండి. అందులో మీవి కానివెన్ని ఉన్నాయో చూడండి. అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లినవాళ్లవి, కుదరని సంబంధాలవి, ఎప్పుడో చదువు ముగించి ఉద్యోగంలో చేరిన పిల్లల సర్టిఫికెట్లు, బాగై ఇంటికి వచ్చిన రోగుల రిపోర్టులు, అన్నీ కనబడతాయి. పని అయిపోయినవాటిని పైన చెప్పిన పద్ధతిలో పూర్తిగా తీసేయండి. తీశాక, వీలైనవాళ్లకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: “మీ కాగితాలు ఇక నా దగ్గర లేవు.” మనల్ని నమ్మి ఇచ్చిన ప్రతి మనిషికీ ఆ మాట వినే హక్కు ఉంది, చెప్పవలసిన బాకీ మనకు ఉంది.